కారు మీది సైకిళ్ళు

గత సంవత్సరము ఆషాఢమాసమున నేను అనంతపురమునుండి బళ్ళారికి రెండు సైకిళ్ళను కారు పైకప్పుపై కట్టి తెచ్చితిని. ఆ ప్రయాణములో పెట్రోలు విశేషముగా వ్యయమైనది. భాష బోధించువాడనగుటచే దానికి కారణము నాకు వెంటనే తోచలేదు, తోచినదియు తప్పు. ఆ తప్పును దిద్దినవాడు మన తొమ్మిదవ తరగతి విద్యార్థియే కావున, ఈ వృత్తాంతమును మన పత్రికలో వ్రాయుట న్యాయమని తలచితిని.

ముందు సైకిళ్ళ అవసరమెట్లు కలిగెనో చెప్పవలెను. ఆ యేడు ఎనిమిదవ తరగతిలో చేరిన ఇద్దరు బాలికల గ్రామము మన పాఠశాలకు తూర్పున, ఆంధ్ర సరిహద్దు వైపు, ఏడు కిలోమీటర్ల దూరమున నున్నది. వారి గ్రామమునకు చేరువలోనే కన్నడ ఉన్నత పాఠశాల కలదు. కన్నడము మనకు పరాయి భాష కాదు. మన పిల్లలు వీథిలో దానిని తెలుగుతో సమానముగా మాటలాడుదురు. అయినను ఏడేండ్లు తెలుగున చదివిన పిల్ల గణితమును, విజ్ఞానశాస్త్రమును ఒక్కసారిగా వేరొక భాషలో నేర్వవలసివచ్చిన, వెనుకబడుట సహజము. ఉదయపు బస్సు బడివేళకు అందదు. కర్ణాటక ప్రభుత్వము 2006-07 లో ఎనిమిదవ తరగతి పిల్లలకు సైకిళ్ళు పంచు పథకమును ఆరంభించినది. 2020లో కరోనా వ్యాధి ప్రబలిన పిదప ఆ పంపిణీ నిలిచిపోయెను. ఒక బాలిక తండ్రి నా యొద్దకు వచ్చి, "పోనూ రానూ పద్నాలుగు కిలోమీటర్లు సార్. ఆడపిల్లోల్లు వానకాలంలో ఎట్ల నడుస్తారు? మాన్పించేదే మేలనుకుంటాండా" అనెను. నేను నాలుగు దినములు గడువు కోరితిని.

నేను పండిత శిక్షణ పొందిన దినములలో నాకు అన్నము పెట్టిన చిన్నాయన అనంతపురమున నున్నాడు. ఆయన పిల్లలు ఉద్యోగములకై వెళ్ళిపోగా, వారి రెండు సైకిళ్ళు పంచలో తుప్పు పట్టుచుండెను. టెలిఫోనులో అడిగినంతనే, "దానికేం నాయనా, తీస్కపో. ఈడ పడుండేదానికంటే ఎవరన్నా తొక్కుకుంటే మేలు" అనెను.

ఆ ఆదివారము బళ్ళారిలో పెట్రోలు తొట్టిని నిండుగా నింపించి బయలుదేరితిని. సహోపాధ్యాయుడొకరు నాతో వచ్చి, అనంతపురమున బంధువుల ఇంట దిగిపోయెను. దూరము సుమారు నూరు కిలోమీటర్లు. అచ్చట మరల నింపించగా అయిదు లీటర్లు పట్టినది. అంగడిలో ఇనుప క్యారియర్ కొని, పైకప్పుపై బిగించి, సైకిళ్ళను నిలువుగా నిలిపి త్రాళ్ళతో కట్టితిమి. తిరుగు ప్రయాణమున ఉరవకొండ ప్రాంతము చేరునప్పటికి పడమటిగాలి ఉధృతముగా వీచుచుండెను. అచ్చటి గాలిమరలు తీరిక లేక తిరుగుచుండెను. కారు మీద చక్రముల చువ్వలు ఈలలు వేయుచుండ, త్రాళ్ళు బుసకొట్టుచుండ, నేను గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగముతో వచ్చితిని. బళ్ళారిలో తొట్టి నింపించగా ఆరున్నర లీటర్లు పట్టినది. ఇట్టి కొలతలో కొంత హెచ్చుతగ్గు ఉండును గాని, లీటరున్నర భేదము కొలత దోషముచే రాదు.

మరునాడు తరగతిలో మాటవరుసకు ఈ సంగతి చెప్పి, "బరువు పెరిగిన పెట్రోలు పెరుగును గదా" అంటిని. వెనుక వరుసనుండి ఒక బాలుడు లేచి, "సార్, పోయేటప్పుడు మీతో ఇంకో సారు వచ్చినారు కదా, ఆయన వచ్చేటప్పుడు ఉన్నారా?" అని అడిగెను. లేరంటిని. "అయితే కారు బరువు తగ్గింది కదా సార్!" అనెను. తరగతియంతయు నవ్వెను. నేను లెక్కవేసితిని. మోటుసైకిలు ఒక్కొక్కటి ఇరువది కిలోలనుకొన్నను, రెండును కలిసి నలుబది. నా మిత్రుడు డెబ్బదికి తక్కువ యుండడు. వచ్చునప్పుడు కారు నిజముగా తేలికయైనది. అయినను పెట్రోలు ఎక్కువ త్రాగినది!

ఆ బాలుని తోడ్కొని విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని కడకు పోగా ఆయన చెప్పినదిది. సమతలమైన త్రోవలో వేగముగా పోవు కారునకు ప్రధాన శత్రువు బరువు కాదు, గాలి. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగింతలగును. అరువది నుండి ఎనుబదికి పెంచినంత మాత్రముననే అది ఇంచుమించు ఒకటికి ఒకటిముప్పావు వంతుకు పైబడును. ఎదురుగాలి గంటకు పదునైదు కిలోమీటర్లున్నచో, ఎనుబదితో పోవు కారు తొంబదియైదు కిలోమీటర్ల గాలిని చీల్చవలెను. కారు పైభాగమును గాలి జారిపోవునట్లు నునుపుగా మలచియుందురు. మనము దానిపై సైకిళ్ళను నిలుపగా ఆ జారుడు చెడి, గాలి సుడులు తిరుగును. ఆ సుడులను పుట్టించు శక్తి మన పెట్రోలునుండియే పోవును.

నాకొక సందేహము మిగిలెను. సైకిలు గోడ వంటిది కాదు. దాని గుండా ఆవలి పొలము కనబడును. గాలి ఏల దూరిపోదు? ఆయన కిటికీలోనుండి చేని గట్టుమీది కంపకంచెను చూపెను. దాని సందులనుండి వెలుతురు వచ్చును. కాని దుమ్ముగాలి దానికావల సగము చచ్చును. సైకిలునందలి ప్రతి గొట్టము, ప్రతి చువ్వ వేరువేరుగా గాలిని కలచును. ఇంతకంటె చక్కని ఉపమానమును మా కావ్యపాఠములయందు నేను చెప్పియుండలేదు.

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన ఆలన్ మయర్, మరియొక పరిశోధకుడు యూచే చెన్ 2016లో ప్రకటించిన వ్యాసమున, పైకప్పు క్యారియర్ల వలన ఇంధన వ్యయము నూటికి ఇరువదియైదు వరకు పెరుగవచ్చునని తేల్చిరి. పైకప్పుపై పెద్ద పెట్టె నుంచినచో నగరపు నడకలో 2 నుండి 8 శాతము, పెద్ద రహదారిపై 6 నుండి 17 శాతము నష్టమనియు, అదే పెట్టెను కారు వెనుక తగిలించినచో రహదారిపై సైతము 1 నుండి 5 శాతమే యనియు అచ్చటి ప్రభుత్వము వాహనదారులకు తెలుపుచున్నది. వెనుక తగిలించిన సామాను కారు నీడలో దాగుటయే దీనికి హేతువు. నాకు ముందే తెలిసియున్న, వెనుక దీపములకును నంబరు పలకకును అడ్డు రాకుండ కట్టించి, మెల్లగా అరువదితో వచ్చియుందును.

నా బాల్యమున ఎర్రబస్సు మీదికి నిచ్చెన యుండెడిది. సైకిళ్ళు, మేకలు, వేరుసెనగ బస్తాలు అన్నియు పైకెక్కెడివి. ఆ బస్సు మొగము మొదలే గోడవలె నుండుటచే రెండు సైకిళ్ళు దానికి లెక్కలోనివి కావు. వ్యయము అరువదిమందికి పంపకమగుచుండెను. నా కారులో దానిని మోసినవాడను నేనొక్కడను.

లీటరున్నర యనగా నూటయేబది రూపాయలకు పైమాట. రెండు సైకిళ్ళకు అది అధికమని నేననను. నా తెలివితక్కువ వేరొకచోట నున్నది. సైకిళ్ళు దించిన పిదప ఆ ఖాళీ క్యారియర్‌ను విప్పలేదు. మరల ఎప్పుడైన పనికివచ్చునని సాకు. అది యుండిన కారు కొంత దర్జాగా కనబడుననుటయు నిజమే. రెండు మాసములు అట్లే తిరిగితిని. ఆ బాలుడు ఒకనాడు దానిని చూచి ఏమియు అనక నవ్వెను. నాకు సిగ్గు వేసి, కొలిచి చూచితిని: నూరు కిలోమీటర్లకు అయిదు లీటర్ల నలుబది పాళ్ళు, అనగా దాదాపు అర లీటరు వృథా. ఆ రెండు మాసములలో తిరిగినది పదునైదు వందల కిలోమీటర్లు. మొత్తము ఆరు లీటర్లు! సైకిళ్ళు తెచ్చుటకైన అదనపు పెట్రోలునకు నాలుగింతలు, ఏమియు మోయని ఇనుప చట్రమునకు పెట్టితిని. ఆ సొమ్ముతో సైకిళ్ళకు క్రొత్త ట్యూబులు వచ్చియుండెడివి. ఆ సాయంకాలమే మరలు విప్పి దానిని అటుకపై పెట్టితిని.

బాలికలిద్దరును ఇప్పుడు తొమ్మిదవ తరగతి. ఉదయమున వారికి ఎదురుగాలి. ఆషాఢమున పది నిముషములు ఆలస్యమగును. హ్యాండిలు మీదికి వంగి త్రొక్కిన గాలి తక్కువ తగులునని తమంతట తాము కనుగొనిరి. వారి ఆలస్యమును నేను హాజరుపట్టీలో వ్రాయను. "ఇంటికి పోయేటప్పుడు మాత్రం తొక్కే పనే లేదు సార్, గాలే తోసుకపోతుంది" అని వారిలో చిన్నది మొన్న చెప్పెను.