వెచ్చముల చీటీ

పెద్ద అంగళ్లు వచ్చి వీధిచివరి పచారీ కొట్లను మ్రింగివేయునని 2006వ సంవత్సరమున మన పట్టణములలో గొప్ప కలకలము పుట్టినది. ఆ యేడు నవంబరులో రిలయన్సువారు తమ మొదటి ఫ్రెష్ దుకాణములను హైదరాబాదులో తెరచిరి. త్రినేత్ర యనునది ఆ నగరముననే 1986 నుండి జరుగుచుండెను. 1997లో చెన్నపట్నమున పుట్టిన సుభిక్ష తన శాఖలను పదునాఱు వందలవఱకు పెంచుకొనెను. బిగ్ బజారు 2001 నుండి ఉన్నదే. ఇక చిన్నవర్తకుని పని తీరినదని విచారించినవారు కొందఱు, తీరవలసినదేయని సంతసించినవారు కొందఱు. జరిగినది వేఱు. త్రినేత్ర 2007లో బిర్లాల చేతికి పోయి పేరు మార్చుకొనెను. సుభిక్ష 2009లో జీతము లీయలేక, అద్దెలు కట్టలేక మూతపడెను. బిగ్ బజారు అప్పులలో మునిగెను. దాని దుకాణములు పెక్కులు 2022లో రిలయన్సు స్వాధీనమైనవి. మా సందు మొగదలనున్న కొట్టు మాత్రము నేటికిని తెల్లవాఱకమునుపే తలుపు తీయుచున్నది.

దీనినిబట్టి చిన్నవర్తకుడు గెలిచెననియు, మన పాత పద్ధతియే మేలైనదనియు మురిసిపోవువారు కలరు. వారితో మేము ఏకీభవింపజాలము. పాత కొట్టును మేము మెట్టుమీదనుండియు చూచితిమి, మెట్టు క్రిందనుండి చూచినవారినిగూడ ఎఱుగుదుము.

మా తండ్రిగారు గుంటూరు జిల్లాలో నొక చిన్న యూర ఎయిడెడు పాఠశాలలో ఉపాధ్యాయులు. జీతము మూడేసి నెలలు రాకుండుట అక్కడ వింత కాదు. ఆ మూడునెలలును మా పొయ్యి వెలిగినదన్నచో అది శెట్టిగారి కొట్టువలననే. నెల మొదట అమ్మ చేటతో బియ్యము చెఱుగుచు చెప్పుచుండును, మేము చీటీ వ్రాయుచుందుము: కందిపప్పు, మినపగుండ్లు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఇంగువ. ఆ చీటీ కొట్టునకు పోవును. సాయంకాలమునకు పురికొస కట్టిన పొట్లములు గంపలో వచ్చును. శెట్టిగారి పెద్ద ఖాతా పుస్తకములో నొక పద్దు, మాయింటనున్న చిన్న పుస్తకములో దాని నకలు. “మేష్టారూ, జీతం వచ్చాకనే చూసుకుందాం లెండి” అని ఆయన మా తండ్రిగారితో అనుటను మేము పలుమాఱులు వింటిమి. ఆ మాటలో దయ యున్నది. మేము దానిని మఱువలేదు.

కాని ఆ దయకు వెల యుండెను. ఒక నెల పప్పు ముక్కిపోయి వచ్చును. అమ్మ దానిని ఎండబెట్టి, పురుగులేఱి, వండును. తిరిగి పంపరాదా యని మేమడిగిన, “బాకీ పెట్టుకుని పప్పు బాగాలేదని ఏ మొహంతో చెప్పమంటావురా?” అనెడిది. అరువిచ్చినవాడు సరకెంచును, అరువు తెచ్చుకొన్నవాడు వండుకొనును. మా అమ్మ ఆ కొట్టు సరకును ఇరువదియేండ్లు వండినది. ఆ కొట్టు మెట్టు ఎన్నడును ఎక్కి యెఱుగదు. మాటలాడుట మగవారి పని, లేదా పిల్లల పని. మాతో నాలుగవ తరగతి చదివిన బాలు డొకడు మాలపల్లెనుండి వచ్చువాడు. మేమిద్దఱమును ఒకేవేళ కొట్టునకు పోయిన, మేము మెట్టెక్కి బల్లనానుకొని నిలుచుచుంటిమి; వాడు క్రిందనే. వాని కీయవలసిన చిల్లర చేతిలో ఉంచబడదు, పైనుండి జాఱవిడువబడును. వాడు దోసిలి పట్టుటలో ఎంత నేర్పరియో! ఒక్క పైసయు నేలబడనీయడు.

2004లో మేము హైదరాబాదున ఉద్యోగమున కుదురుకొన్న పిమ్మట అమ్మను పిలిపించుకొని, సరకులను ఎవరికివారే తీసికొనెడి యంగడి యొకదానికి తీసికొనిపోతిమి. ఆమె అఱల నడుమ గంటసేపు నడచినది. “ముట్టుకోవచ్చునా?” అని రెండుమాఱు లడిగినది. పిదప కందిపప్పు సంచిలో చేయిపెట్టి, గుప్పెడు తీసి, వెలుతురులో పట్టి చూచి, వలదని జాఱవిడిచి, పక్కసంచికి పోయినది. ఆ దినమున కొన్నవి పప్పును జీలకఱ్ఱయును మాత్రమే. ఆమెకది కొనుగోలు కాదు, తీర్పు. తనను ఎవరింటిదానవని ఎవ్వరు నడుగలేదు. బిల్లు వ్రాసిన పిల్ల తలయైన నెత్తలేదు. కొందఱు పెద్దలు ఈ తలయెత్తకుండుటనే నాగరకతలోని మొఱకుదనమని నిందింతురు. తలయెత్తి చూచి, కులము గుర్తించి, చిల్లర జాఱవిడుచుటకంటె అది మేలుగాదా?

వ్యాకరణము చెప్పుకొని బ్రతుకువారము గావున ఒక ముక్క చెప్పనిండు. కొనదగిన వస్తువు క్రేయము. కొనువారు కొందురుగాక యని అంగటిలో పరచియుంచినది క్రయ్యము. ఈ రెంటికిని భేదము చూపుటకై పాణిని ప్రత్యేకముగా నొక సూత్రమునే చేసెను. శెట్టిగారి లోపలిగదిలోని పప్పు క్రేయమే కాని అమ్మ పాలిటికి క్రయ్యము గాదు. ఇరువదియేండ్లకు అది క్రయ్యమైనది.

ఈ పరచిపెట్టుట యనునది అమెరికాలోనైనను పాతదికాదు. అక్కడను పూర్వము గుమాస్తా చీటీ యందుకొని సరకు తెచ్చియిచ్చువాడే. 1916లో మెంఫిసు నగరమున క్లారెన్సు సాండర్సు అను వర్తకుడు పిగ్లీ విగ్లీ యను పేర ఒక యంగడి తెరచి, గుమాస్తాను తీసివేసి, కొనువారి చేతికి బుట్టయిచ్చి లోనికి పంపెను. ప్రతి వస్తువుమీదను ధర వేసెను. ఆ యేర్పాటునకు 1917లో పేటెంటు పొందెను. 1923 నాటికి వేయికిమించిన శాఖ లున్నవి. ఆ యేడే వాటాల జూదములో సాండర్సు తన సంస్థను పోగొట్టుకొనెను. మన దేశములో పొట్లముమీద తూకమును ధరయును తెలుపవలెనను నిబంధనలు 1977లో వచ్చినవి. పన్నులన్నియు కలిసిన గరిష్ఠధర ముద్రింపవలెననుట 1990లో. బేరమాడుట రాని మావంటివారికి ఆ చిన్న ముద్ర యొక రక్షరేకువంటిది.

మఱి ఇంత మేలుచేసిన యంగళ్లు కూలిపోనేల? సరకు చెడి కాదు. ఊరికి మించిన అద్దెలు, అప్పుతెచ్చి శాఖలు పెంచుట, తెచ్చిన సరకునకు డబ్బు చెల్లింపలేక అఱలు ఖాళీ యగుట, ఇవియే కారణములు. డీమార్టువారు 2002లో ముంబయిలోని పొవాయిలో మొదలిడి నెమ్మదిగా నడచిరి. కట్టడములు చాలవఱకు సొంతముగా కొనిరి. సరకిచ్చినవారికి త్వరగా డబ్బిచ్చి ధర తగ్గించుకొనిరి. కావుననే నిలిచిరి. అట్టివారే పెద్ద నగరముల దుకాణములపై ఇంటికి సరకుపంపెడి ఆన్‌లైను వర్తకపు దెబ్బ కానవచ్చుచున్నదని 2024 అక్టోబరులో ఒప్పుకొనిరి.

అనగా పెద్ద అంగటిని కొట్టినది చిన్న అంగడి కాదు, జేబులోని ఫోను. బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ అని పేర్లు వేఱు, పద్ధతి యొక్కటే: ఒక మూసిన గిడ్డంగి, లోపల సరకేఱు పిల్లలు, బయట బండ్లపై పిల్లలు. కొనువారికి లోపలికి ప్రవేశము లేదు. చీటీ పంపుదుము, పొట్లము వచ్చును. అమ్మ యిరువదియేండ్లు చేసినది ఇదే కదా!

మా యింటిలో నీ మాటకు ఎదురువాదము బలముగానే యున్నది. మా గృహిణియు ఉపాధ్యాయినియే; సాయంకాలము ఆఱుగంటలకు ఇల్లు చేరును. “పప్పు వెలుతురులో పట్టి చూడడం బాగానే ఉంటుంది. ఆ సంచి మోసుకుని రెండంతస్తులు ఎక్కేదాన్ని నేను” అన్నది. నిజము. పసిబిడ్డ తల్లికి, కాలు కదలని వృద్ధునకు, ఈ బండి దేవుడు పంపినట్లే వచ్చును. సంచిబరువు దించిన యంత్రమును నిందించుట సంచి మోయనివానికి తగదు.

అయినను మా కొక శంక వదలదు. అంగటిలో నొక ధర అందఱి కన్నులయెదుటను ఉండును. ఫోనులో పొరుగువాని తెరపై నేమున్నదో మాకు తెలియదు. పోయిన నెల మేమేమి తింటిమో శెట్టిగారివలె ఆ ఫోనును ఎఱుగును. కాని శెట్టిగారి పద్దునకు నకలు మాయింట నుండెను. సాండర్సు కథలోని చివరిభాగ మీ సందర్భమున తలపునకు వచ్చును. కొనువానిని లోనికి పంపిన యా మనుష్యుడే 1937లో కీడూజిల్ అను వింత యంగడి పెట్టెను. అందు సరకంతయు అద్దముల వెనుక. కొనువాడు తాళపుచెవివంటి దొకటి త్రిప్పిన, సరకు తనంతతాను పట్టీమీద నడచి గల్లాపెట్టె చెంతకు వచ్చును. యంత్రము రద్దీకి తాళలేక 1949 నాటికి ఆ ప్రయత్న మంతరించినది. నేడు ఆ పట్టీకి మాఱుగా మనుష్యులు పరుగెత్తుచున్నారు, అది చెడకుండ నడచుచున్నది.

అట్లు పరుగెత్తువారిలో మా పూర్వవిద్యార్థి యొకడు మొన్న వేసవిలో కనబడెను. గిడ్డంగిలో సరకేఱుట వాని పని. పప్పులలో ఏది మంచిదని మేమడిగితిమి. “సరుకు పేరు నేను చదవను సార్, అఱ నంబరే చూస్తాను. చూస్తూ నిలబడితే టైము పోతుంది” అనెను. తమ యింటికి వెచ్చములెక్కడనుండి వచ్చునన్న, సందులోని కొట్టునుండి, ఖాతామీద నని చెప్పెను. వారమువారము వచ్చు కూలి సరిపోక వాని తల్లి అచ్చటనే వాడుక పెట్టుకొన్నదట. ఆ కొట్టులోనైన మీ యమ్మను లోపలికి పోయి పప్పు చూడనిత్తురా యని అడిగితిమి. వాడు నవ్వి, ఆ కొట్టుకు లోపల యనునది లేదు సార్, ఉన్నదంతా ఒక బల్లయు దానివెనుక నొక మనిషియు ననెను. ఇంతలో ఫోను మ్రోగినది. సెలవైన చెప్పక లోనికి పరుగెత్తెను.