ఆక్స్‌ఫర్డులో మెర్టను వీథి

లండను నగరమునందలి పాడింగ్‌టను స్టేషనునుండి ఆక్స్‌ఫర్డునకు రైలులో ఇంచుమించు ఒక గంట ప్రయాణము. అచ్చటికి బోవువారందఱును క్రైస్ట్ చర్చి కళాశాల గోపురమును, బాడ్లియను గ్రంథాలయమును జూచి, నదిలో పడవ యెక్కి మఱలివత్తురు. మేమును వానిని జూచితిమి. వానినిగూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు గావున మేము వ్రాయము. సోదరీమణులకు మేము చూపదలచినది మెర్టను వీథి.

పెద్దబజారునకు దక్షిణమున గుండ్రాళ్ళు పఱచిన సన్నని వీథి యిది. బండ్ల రొద లేదు. ఒకవైపున 1264వ సంవత్సరమున స్థాపింపబడిన మెర్టను కళాశాలయు దాని ప్రార్థనామందిరమును. వాని కెదురుగా బీమ్ హాల్ అను పాతయిల్లు. 1657 మొదలు పదియేండ్లు థామస్ విల్లిస్ అను వైద్యుడు ఈ యింట గాపురముండెను. మెదడునుగూర్చి 1664లో ఆయన వెలువరించిన గ్రంథమునకు బొమ్మలు వ్రాసినది, తరువాత లండనులో సెయింట్ పాల్ దేవాలయమును నిర్మించిన క్రిస్టఫర్ రెన్.

ఈ నగరముననే 1650 డిసెంబరులో ఆన్ గ్రీన్ అను పనికత్తెను ఉరితీసిరి. నెలలు నిండక పుట్టిన బిడ్డను చంపినదని ఆమెపై నేరము మోపబడెను. శవమును కోసి పరీక్షించుటకై వైద్యుల కీయగా, పెట్టె తెఱచునప్పటికి ఆమె గొంతులో ఊపిరి యాడుచుండెను. విలియమ్ పెట్టీయు, విల్లిస్సును, తక్కినవారును కత్తులను ప్రక్కనబెట్టి, కాలుసేతులు రుద్ది, వెచ్చని పానీయములు పట్టి ఆమెను బ్రతికించిరి. తరువాత ఆమెకు క్షమాపణ లభించెను. పెండ్లాడి బిడ్డలను గనెను. ఈ కథ విన్నపిదప మా కా యింటిపై గౌరవము హెచ్చినది.

కాని మేమచ్చటికి బోవుటకు ముఖ్యకారణ మింకొకటి. మాతో వచ్చిన వదినెగారికి పదియేండ్లుగా ఒక బాధ కలదు. ప్రొద్దుగ్రుంకి నడుము వాల్చగానే పిక్కలలో నేదో ప్రాకినట్లు, లోపలినుండి లాగినట్లు తోచును. కాలు కదల్చినచో క్షణము నెమ్మది. ఊరకున్నచో మరల మొదలు. విమానములో వెలుగు తగ్గించినది మొదలు ఆమె నడవలో పచారు చేయుచునే యుండిరి. "కుదురుగా కూర్చుండరాదా?" యని యింటిలోనివారు గసరుట ఆమెకు అలవాటే. ఆమె తల్లిగారును రాత్రులందు పిక్కలకు పాతచీర పీలికలు బిగించి కట్టుకొనెడివారట. ఇది పెక్కు కుటుంబములలో వంశమునుబట్టి వచ్చును.

విల్లిస్ 1672లో లాటినున ప్రకటించిన గ్రంథములో ఈ బాధయే వర్ణింపబడినది. నిద్రకు బోవువేళ కాలుసేతులు ఎగిరిపడుననియు, రోగి చిత్రహింసలపాలైనవానివలె నిదురింపజాలడనియు ఆయన వ్రాసెను. ఆయన చెప్పిన రోగి యొక గొప్పయింటి స్త్రీ. ఆమెకు నల్లమందు ద్రావకము నిచ్చెను. ఇది విని వదినెగారు ఆ యింటివంక చాలసేపు చూచి, "మూడువందలయేబది యేండ్ల క్రిందట ఈ దొరకు నాకాళ్ళ సంగతి యెట్లు తెలిసెనమ్మా!" యనిరి. పదియేండ్లలో తనమాట నమ్మిన మొదటి మనుష్యుడు ఆయనయే యని ఆమెకు దోచినది కాబోలు.

దీనికి 'రెస్ట్‌లెస్ లెగ్స్' అను పేరు 1945లో స్వీడను దేశపు వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ పెట్టెను. పురుషులకంటె స్త్రీలకు ఇంచుమించు రెండింతలు హెచ్చుగా కలుగును. గర్భిణులకు కడపటి మూడుమాసములలో వచ్చి, ప్రసవానంతరము తగ్గుట సామాన్యము. మూత్రపిండములు చెడినవారికిని వచ్చును. మెదడునకు ఇనుము చాలకపోవుట దీనికొక ముఖ్యకారణము. హీమోగ్లోబిన్ సరిగా నున్నను ఇనుపనిల్వ తక్కువగా నుండవచ్చును గనుక ఫెరిటిన్ అను రక్తపరీక్షను అడిగి చేయించుకొనవలెను. అది మిల్లీలీటరునకు 75 నానోగ్రాములకు మించకున్నచో వైద్యులు సాధారణముగా ఇనుము నిత్తురు. పరీక్షలేక తమంతట దీసికొనుట ప్రమాదము. ఆ మాత్రలను టీ, కాఫీలతో మ్రింగరాదు, నిమ్మరసముతో మేలు. పసిబిడ్డలకు అందనిచోట నుంచుట మఱువరాదు.

సాయంకాలపు కాఫీని మానుటయు, పండుకొనుటకు ముందు పిక్కలను సాగదీసి వేడినీటితో కడుగుటయు, మర్దనమును కొంత సుఖము నిచ్చును. జలుబునకును దురదకును ఇచ్చు కొన్ని మత్తుమాత్రలు దీనిని పెంచును. మా వదినెగారికి ఒక వైద్యుడు నిద్రకై అట్టివే యిచ్చెను! మనస్సునకిచ్చు కొన్ని మందులును అంతే; అయినను వానిని వైద్యునడుగక ఆపరాదు. కొంతకాలము క్రిందటివఱకు మొదటగా నిచ్చుచుండిన డోపమీన్ జాతి మందులు తొలుత చక్కగా పనిచేసి, పోనుపోను బాధను పగటివేళకుగూడ లాగుకొనివచ్చుట కనుగొని, వైద్యులిపుడు గాబపెంటిన్ వంటివానిని ముందు వాడుచున్నారు. ఏ మందునకును లొంగనివారికి నల్లమందు జాతి మందులను నేటికిని మిక్కిలి జాగ్రత్తతో ఇచ్చుచున్నారు. విల్లిస్ దారి పూర్తిగా మూసికొనిపోలేదు.

తిరుగుప్రయాణమునకు వదినెగారికై నడవప్రక్క కుర్చీని ముందే అడిగి యుంచితిమి. ఇంటికి వచ్చి పరీక్ష చేయింపగా ఆమె ఫెరిటిన్ 14 మాత్రమే. మూడుమాసములు ఇనుము దీసికొనినపిదప ఇపుడు వారములో నాలుగైదు రాత్రులు నిద్రించుచున్నారు. తక్కిన రాత్రులలో వసారాలో ఆమె యడుగుల చప్పుడు వినబడినను ఎవరును గసరుటలేదు.