కోనీ ఐలండ్ రాట్నం

ఎడిసన్‌లోని మా అమ్మాయి ఇంటి నుంచి పొద్దున్నే బయల్దేరి, న్యూయార్క్‌లో సబ్‌వే ఎక్కి, నేనూ మా ఆవిడా కోనీ ఐలండ్‌లోని స్టిల్‌వెల్ అవెన్యూలో దిగాం. ఆ లైనుకి అదే ఆఖరి స్టేషను. రోడ్డు దాటేలోపే ఉప్పుగాలి మొహానికి తగిలింది.

రాట్నాలకంటే ముందు నేను చూడాలనుకున్నది ఈ స్టేషన్నే. 1920లో సబ్‌వే ఇక్కడిదాకా వచ్చింది. టికెట్టు ఐదు సెంట్లు. గాలాడని అద్దె గదుల్లో బతికే కుట్టుపనివాళ్లూ, రేవు కూలీలూ ఆదివారం పూట పిల్లాపాపలతో సముద్రానికి వచ్చిపడ్డారు. వినోదాన్ని కూలివాడి చేతికందించింది ఆ రైలేనంటాను.

అంతకు చాలా ముందే, 1884లో, లామార్కస్ థాంప్సన్ ఇక్కడ ఎత్తుపల్లాల పట్టాల మీద బండి దొర్లించాడు. గంటకు ఆరు మైళ్ల వేగం. ఆ సవారీకీ ఐదు సెంట్లే. తర్వాత ప్రహరీ కట్టి గేటు దగ్గర డబ్బు తీసుకునే పార్కులు లేచాయి. డ్రీమ్‌లాండ్ 1911లో కాలిపోయింది. లూనా పార్కును 1944లో మంటలు మింగాయి. స్టీపుల్‌చేజ్ 1964లో మూతపడింది. ఇప్పుడున్న లూనా పార్క్ పాత పేరుతో 2010లో కొత్తగా పెట్టింది.

నిలిచినవాటిలో నా మనసు దోచింది వండర్ వీల్. 1920 నాటిది, 150 అడుగుల ఎత్తు, 24 పెట్టెలు. ఎనిమిది మన తిరునాళ్ల రాట్నంలోలాగే చక్రం అంచుకు వేలాడతాయి. మిగతా పదహారూ చక్రం లోపలి వంకర పట్టాల మీద జారుతుంటాయి.

“ఏమండీ, జారేదే ఎక్కుదాం,” అంది మా ఆవిడ.

సగం ఎత్తు దాటాక పెట్టె ఉన్నట్టుండి గడగడా దొర్లి, అంచుకు వచ్చి ఊగింది. ఎదురుగా అట్లాంటిక్ తప్ప మరేమీ లేదు. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఈ రాట్నం వెనక ఓ కథ ఉంది. గ్రీసు నుంచి వచ్చిన డీనోస్ వూర్డెరిస్ ఇక్కడ హాట్‌డాగ్‌లు అమ్మేవాడు. తనను పెళ్లాడితే ఈ రాట్నం కొనిస్తానని లూలాకు మాటిచ్చాడు. మాట నిలబెట్టుకోవడానికి ముప్పై ఏళ్లు పైనే పట్టింది. 1983లో కొన్నాడు. తుప్పు గీకించి, రంగులేయించి, మళ్లీ కొత్తదాన్ని చేశాడు. వాళ్ల కుటుంబమే ఇప్పటికీ నడుపుతోంది.

ఒడ్డుకీ, దాని పక్కనున్న చెక్కబాటకీ నేటికీ టికెట్టు లేదు. న్యూయార్క్ వెళ్లే మనవాళ్లు ఒక పూట ఇక్కడ గడపండి. వేసవిలోనే వెళ్లండి; చలికాలంలో రాట్నం తిరగదు.