నా వ్యాధి, నా దేహం, నేను



రోగి వైద్యుని ఎదుట కూర్చొని మొదట పలికే మాటను మీరెప్పుడైనా శ్రద్ధగా గమనించారా? "నాకు జ్వరం వచ్చింది" అంటాడే గాని "నేను జ్వరాన్ని" అని ఎవరూ అనరు. అదే మనిషికి మధుమేహం వచ్చి పదేళ్లు గడిస్తే, "నేను షుగర్ పేషెంటునండీ" అని తనను పరిచయం చేసుకొంటాడు. వచ్చిపోయే వ్యాధి "నాకు" దగ్గరే ఆగిపోతుంది. విడిచిపోని వ్యాధి మెల్లమెల్లగా "నేను"లోనికి ప్రవేశిస్తుంది. శస్త్రవైద్యునిగా పనిచేసిన మూడున్నర దశాబ్దాలలో ఈ మార్పును లెక్కలేనన్ని పర్యాయాలు విన్నాను. అద్వైత వేదాంతం అధ్యాస అని దేనిని పిలిచిందో, అది ఈ చిన్న మాటలోనే దాగి ఉన్నదని వృత్తి విరమించి తీరికగా చదువుకొనేటప్పుడు నాకు బోధపడింది.

ఆదిశంకరులు బ్రహ్మసూత్రాలకు భాష్యం రచిస్తూ, మొదటి సూత్రాన్ని వ్యాఖ్యానించడానికి ముందే ఒక ఉపోద్ఘాతం వ్రాశారు. దానికే అధ్యాస భాష్యమని పేరు. ఒకదాని ధర్మాన్ని మరొకదానిపై ఆరోపించడమే అధ్యాస. ఆయన ఇచ్చిన ఉదాహరణలు మన ఇళ్లలో ప్రతిదినం వినిపించేవే. భార్యాబిడ్డలకు కష్టం వస్తే మనిషి తానే చితికిపోయాననుకొంటాడు. దేహం లావైతే "నేను లావయ్యాను" అంటాడు. కన్ను పోతే "నేను గుడ్డివాడిని" అంటాడు. మనస్సులో సందేహం పుడితే తానే సందేహిస్తున్నానంటాడు. బయటి బంధువుల నుండి లోపలి మనస్సు వరకు, తాను చూస్తున్న ప్రతిదానినీ తానే అనుకొంటాడు. నిప్పులో కాలిన ఇనుపగుండును చూసి "ఇనుము కాలుస్తున్నది" అన్నట్లే ఇదీ. కాల్చేది నిప్పు, గుండ్రంగా ఉన్నది ఇనుము. రెంటినీ కలిపి ఒకటే అనుకొంటున్నాము.

ఇక్కడ ఒక మాటను స్పష్టం చేయాలి. వాడుకలో అహంకారమంటే పొగరు. వేదాంతంలో దాని అర్థం వేరు. అంతఃకరణమనే అంతరంగ సాధనం ఒకటే అయినా, చేసే పనిని బట్టి దానికి నాలుగు పేర్లు. సంకల్ప వికల్పాలు చేస్తే మనస్సు, నిశ్చయిస్తే బుద్ధి, జ్ఞాపకం చేసుకొంటే చిత్తం, "ఇది నేను, ఇది నాది" అని అభిమానిస్తే అహంకారం. ఎంతో వినయశీలికి కూడా అహంకారం ఉంటుంది, ఉండి తీరాలి. పేరు పెట్టి పిలిస్తే పలకడానికి, ఎదురుగా వచ్చే లారీని చూసి పక్కకు తప్పుకోవడానికి అది అవసరం. కాబట్టి అది చంపవలసిన శత్రువు కాదు. అయితే అదే ఆత్మ అనుకోవడం మాత్రం పొరపాటు.

ఈ అభిమానం ఎంత చిత్రమైనదో నాకు గ్రంథాల కంటె ముందుగా రోగులే నేర్పారు. హౌస్ సర్జనుగా ఉన్న రోజులలో మెదడు కుడి భాగం దెబ్బతిని పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను చూశాను. తన ఎడమ చేతిని చూపి, "ఇదెవరిదో నా పక్కలో పెట్టారు, తీసేయండి బాబూ" అని బ్రతిమాలాడు. చేయి ఆయన భుజానికే ఉన్నది, "నాది" అనే భావం మాత్రం లేదు. తరువాతి కాలంలో మధుమేహం వలన కుళ్లిన కాలును తొలగించిన ఒక రైతు, గాయం మానిన తరువాత కూడా, లేని పాదం మంట పెడుతున్నదని రాత్రులు నిద్ర లేకుండా బాధపడేవాడు. కాలు లేదు, "నాది" అనే భావం మాత్రం ఉన్నది. ఇట్టి లేని అవయవపు అనుభూతికి సైలస్ వెయిర్ మిచెల్ అనే అమెరికా వైద్యుడు 1871లో "ఫాంటమ్ లింబ్" అని పేరు పెట్టాడు. 1990 దశకంలో వి.ఎస్. రామచంద్రన్ ఒక మామూలు అద్దంతో, ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చేతి స్థానంలో చూపించి, కొందరికి ఆ బాధ నుండి ఉపశమనం కలిగించాడు.

ఉన్నదానిని కాదనడం, లేనిదానిని ఔననడం రెండూ సాధ్యమైనప్పుడు "నా దేహం" అనే భావం దేహంలో పుట్టుకతో అతికి ఉన్నది కాదని, అంతరంగం కూర్చుతున్నదని తేలుతున్నది. దీనితో అద్వైతం నిరూపితమైనదని మాత్రం నేననను. "నేను అంతా మెదడే" అని ఒక శాస్త్రవేత్త ఇవే ఉదాహరణలతో వాదించవచ్చు. వైద్యశాస్త్రం అహంకారం పనిచేసే తీరును చూపగలదు. ఆ అహంకారాన్ని కూడా తెలుసుకొంటున్నదేది అన్న ప్రశ్న వద్ద వేదాంతం మొదలవుతుంది.

ఛాందోగ్యోపనిషత్తులోని ఇంద్ర విరోచనుల కథ మీరు వినే ఉంటారు. ఆత్మను తెలుసుకొనగోరి ఇద్దరూ ప్రజాపతి వద్ద 32 ఏళ్లు బ్రహ్మచర్యంతో గడిపారు. నీటిపాత్రలో చూసుకొమ్మని ఆయన చెప్పగా, అలంకరించుకొన్న తమ రూపం కనబడింది. దేహమే ఆత్మ అనుకొని విరోచనుడు తృప్తిగా వెళ్లిపోయాడు. ఇంద్రుడు దారి మధ్యలోనే ఆగాడు. దేహం గుడ్డిదైతే ఈ ఆత్మ కూడా గుడ్డిదవుతుంది గదా అని సందేహించి వెనుదిరిగాడు. స్వప్నంలో సంచరించేవాడే ఆత్మ అని రెండవసారి విన్నాడు. కాని కలలో కూడా భయం, ఏడుపు ఉన్నవి గదా! గాఢనిద్రలో ఉన్నవాడని మూడవసారి విన్నాడు. అక్కడ తానున్నానన్న ఎరుకే లేదు, అది వినాశనం వంటిదే గదా! అట్లా మొత్తం 101 సంవత్సరాలు గడిపిన తరువాత గాని, దేహం మరణానికి లోబడినదని, అశరీరమైన ఆత్మకు అది ఆశ్రయం మాత్రమేనని అతడు గ్రహించలేదు.

ఇంద్రుని మూడవ సందేహం ఇప్పుడు నా సందేహం కూడా. విరమణ తరువాత రెండవ ఏట నా కుడిచేతికి వణుకు మొదలైంది. పార్కిన్సన్ వ్యాధి అని నిర్ధారణ అయింది. సన్నని రక్తనాళాలకు కుట్లు వేసిన చేతితో ఇప్పుడు కాఫీ కప్పును రెండవ చేయి సాయం లేకుండా పట్టుకోలేను. నా పేరు, గౌరవం, ఇల్లు, అన్నీ ఆ చేతులు సంపాదించినవే. చేతులే నేను అనుకొని బ్రతికినవానికి చేయి వణికితే లోకమే వణికినట్లుంటుంది.

ఒకనాటి తెల్లవారుజామున వరండాలో కూర్చొని ఆ చేతిని పరీక్షగా చూశాను. చేయి వణుకుతున్నది. దానిని చూసి మనస్సు భయపడుతున్నది. ఆ భయం కూడా నాకు తెలుస్తున్నది. తెలుసుకొంటున్న ఆ ఎరుకకు మాత్రం వణుకు లేదు. చూడబడేది చూచేవాడు కాదన్న పాత పాఠం నాకు తొలిసారి అక్షరాల నుండి దిగి వచ్చింది. వ్యాధి తగ్గలేదు, ప్రతి దినమూ ఆ వివేకం నిలిచి ఉండదు కూడా. నిలిచినంతసేపు వణుకు వణుకుగానే ఉంటుంది, నేనుగా మారదు.

ఈ వ్యాధి కొందరిలో ముందు ముందు జ్ఞాపకశక్తిని, బుద్ధిని కూడా తాకుతుంది. "నేను సాక్షిని" అని తలచే బుద్ధియే మసకబారితే ఏమి మిగులుతుంది? బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునికి చెప్పిన సమాధానాన్ని నేను పట్టుకొన్నాను. నిద్రలో చూపు నశించదు, చూడడానికి రెండవ వస్తువు ఉండదు, అంతే. ఇది నాకు రుజువైన విషయమని చెప్పను. కాని భయానికి లొంగని ఒక అవగాహనగా ఇది నాతో ఉన్నది.

మిత్రులారా, వైద్యునిగా రెండు హెచ్చరికలు చేయక తప్పదు. దేహం మిథ్య అని మందులు మానివేయకండి. మిథ్య అంటే లేనిదని కాదు. వ్యవహారంలో ఉన్నది, పరమార్థంలో స్వతంత్రంగా నిలువనిది అని. ఆకలి వేస్తే అన్నం తినేవారు రక్తపోటుకు మాత్ర వేసుకోవడానికి వేదాంతం అడ్డుచెప్పకూడదు. 16వ ఏట, 1896లో, మధురలో మరణభయాన్ని ఎదుర్కొని "నేనెవరు" అని విచారించిన రమణ మహర్షి కూడా, 1949లో ఎడమచేతిపై పెరిగిన కణితికి నాలుగు శస్త్రచికిత్సలు చేయనిచ్చారు. 1950 ఏప్రిల్ 14న దేహం విడిచారు. వైద్యం దేహానికి, విచారణ నేనుకు.

ఇక రెండవది. చుట్టూ ఉన్నదంతా కలలా తోచడం, తన దేహమే పరాయిదిగా అనిపించడం, ఆత్మీయుల మీద కూడా ఏ భావమూ కలగకపోవడం సాక్షిభావం కాదు. తీవ్రమైన ఆందోళనలో, కుంగుబాటులో అట్టి లక్షణాలు కనబడతాయి. వివేకం వలన భయం తగ్గి ప్రేమ పెరుగుతుంది. ఈ స్థితిలో భయం పెరిగి మనిషి మొద్దుబారుతాడు. అట్టివారిని గురువుల వద్దకు కాక ముందు మానసిక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి.

మీ ఇంట మంచం పట్టిన పెద్దలుంటే మరొక్క మనవి. ఉదయం లేవగానే "షుగర్ ఎంత, బీపీ ఎంత" అని మాత్రమే అడిగితే, వారి "నేను"ను మనమే ఆ అంకెలలో బంధించినవారమవుతాము. అంకెలు వ్రాసుకొన్న తరువాత, నిన్న రాత్రి ఏమి తలచుకొన్నారో, చిన్ననాడు ఏ చెరువులో ఈత నేర్చారో కూడా అడగండి. ఆ దేహంలో వ్యాధి కాని ఒకరు ఇంకా ఉన్నారని, మన పలకరింపు వారికి గుర్తు చేయాలి.