పూజలందుకొన్న కారు

మా యింటి వెనుక వేపచెట్టు క్రింది రేకుల కొట్టములో నొక అంబాసిడరు కారున్నది. 1961 నాటి బండి. మా నాయనగారు దానిని 1974లో పాతబండిగానే కొనిరి. 1997లో వారు కాలము చేసిన పిదప ఇరువదియేడేండ్లు అది కదలలేదు. కదలలేదన్న మాటయే కాని మర్యాదకు లోటు రాలేదు. ప్రతి దసరాకును మా అమ్మగారు దూరముగ నిలుచుండి మాచేత దానిని కడిగించి, పసుపు కుంకుమలు పెట్టించి, బంతిపూల దండ వేయించి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలుంచెడివారు. నిమ్మకాయ నలుగవలెనన్న బండి కదలవలెను గదా యని మాకు ఒక్కయేడును తోచలేదు.

2024 వేసవిలో పాతయినుము కొనువాడొకడు వచ్చి కొట్టములోనికి తొంగిచూచి, కిలోకింత యని ధర చెప్పెను. అమ్మగారు రెండు దినములు మాటలాడలేదు. మూడవనాడు పిలిచి, "నడిస్తే ఉంచు. నడువకుంటే అమ్మెయ్యి. పీనుగకు పూలేసినట్టు ఇంకెన్నేండ్లు ఏస్తం?" అనిరి. ఇరువది సంవత్సరములుగా పిల్లలకు హేతువాదము బోధించుచున్న మేము, ఆ మాట మా నోట రావలసినదని సిగ్గుపడితిమి.

కొత్తకోట హైదరాబాదు–బెంగుళూరు రహదారిమీది యూరు గనుక లారీలు బాగుచేయు మేస్త్రీలకు కొదవలేదు. వారిలో అరువదేండ్లు దాటిన యొకరిని పిలిచితిమి. ఆయన వచ్చునప్పటికి మేము పొరుగువారి ట్రాక్టరుకు కారును త్రాటితో కట్టి సిద్ధముగ నుంటిమి. గేరులో వేసి ఈడ్చిన ఇంజను తానే మేలుకొనునని మా యూహ. మేస్త్రీ త్రాటిని చూచి తల పట్టుకొనెను.

"అయ్యవారూ, గుంజితే బండి కదుల్తది, ఇంజను ఇరుగుతది. తాడు ఇప్పుండ్రి."

ఆయన చెప్పినదిది. నాలుగు సిలిండర్ల ఇంజను ఎక్కడ ఆగినను ఏదో యొక సిలిండరు వాల్వు తెరచియే యుండును. ఆ దారిన చెమ్మగాలి లోనికి పోవును. గోడలనంటిన నూనెపొర యేండ్లు గడచినకొలది క్రిందికి జారిపోవును. అంతట ఇనుప గోడకును పిస్టను రింగులకును నడుమ త్రుప్పు పుట్టి రెండింటిని అతికించును. బలాత్కారముగ లాగిన రింగులు విరుగును, లేదా కనెక్టింగ్ రాడ్డు వంగును. అట్లయినచో పాతయినుము వాని ధరయే దిక్కు. నెలకొకమారు ప్లగ్గులు తీసి, రెండు చెంచాల నూనె పోసి, హ్యాండిలుతో నాలుగు చుట్లు త్రిప్పియున్న ఈ గతి పట్టకపోవునట. సంస్కృతమున స్నేహమనగా నూనె యనియు అర్థమే. ఈ ముక్కను తరగతిలో ఎన్నిమారులు చెప్పితిమో లెక్కలేదు. సిలిండరులో మాత్రము ఒక్క చుక్క పోయనైతిమి.

నాలుగు ప్లగ్గులు తీసి, డీజిలును ఇంజను నూనెను కలిపి నాలుగు రంధ్రములలో పోసి, మేస్త్రీ వెళ్ళిపోయెను. దినమున కొకమారు హ్యాండిలుమీద ఒక్క చేయి మాత్రము మోపవలెను, రెండవ చేయి వేయరాదు: ఇది ఆయన యాజ్ఞ. మాకు ఓపిక తక్కువ యని కనిపెట్టి కాబోలు, ఆ పని పదవ తరగతి చదువు మా అమ్మాయికి ఒప్పగించెను.

ఆ నడుమ పనిమీద హైదరాబాదు పోయి చౌమహల్లా ప్రాసాదములో రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును చూచితిమి. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1911లో దానిని తెప్పించుటకు ఉత్తరువు చేసి, ఆ యేడే ఆగస్టులో మరణించెను. పసుపువన్నె బండి, వెనుక సింహాసనము వంటి పీఠము. అది నడచినది బహు కొద్ది మైళ్ళేనట. ఊరేగుటకు పుట్టిన బండికి అది చెల్లునేమో కాని, మా నాయనగారిది వనపర్తి ఆసుపత్రికి రోగులను మోసిన బండి.

పదునొకండవ నాటి యుదయము మా అమ్మాయి కేక వేసెను. హ్యాండిలు నువ్వుగింజంత కదలినదట. మేము చూచుసరికి నిలిచిపోయినది. మరునాడు గోరంత. నాలుగవనాటికి పూర్తిచుట్టు తిరిగెను.

తక్కిన పని త్వరగనే సాగెను. బానెట్టులో ఎలుకల గూడు; చాంబరులో నల్లని బంక; ట్యాంకులోని పెట్రోలు వార్నీషు వాసన కొట్టుచుండెను. ట్యాంకు విప్పి, గులకరాళ్ళు వేసి కుదిపి త్రుప్పు రాల్చితిమి. ఇంతకు మించిన చిక్కొకటి కలదు: మా బండి నిద్రించిన కాలములో పెట్రోలే మారిపోయినది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. గాలికిని పిల్లల మెదళ్ళకును అది మేలే. కాని పాత ఇంజనులలో ఆ సీసమే వాల్వుల పీటలు అరుగకుండ కాచెడిది. ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళ దాక ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను తినివేయును, చెమ్మను పీల్చును. కావున గొట్టములన్నియు మార్చి, ఇంజనును మెల్లగనే నడుపుదుమని మేస్త్రీకి మాట యిచ్చితిమి.

పాయింట్లు గీకి, కొత్త బ్యాటరీ పెట్టి, ప్లగ్గుల తీగలు 1, 3, 4, 2 వరుసలో తగిలించినది మా అమ్మాయియే; ఆ వరుసను ఎక్కమువలె వల్లించుచునే యుండెను. అయిదవ సెల్ఫుకు ఇంజను దగ్గి, ఆగి, మరల దగ్గి అందుకొన్నది. వేపచెట్టంతయు నీలిపొగ. కాకులు లేచిపోయినవి. అమ్మగారు వంటయింటినుండి వచ్చి నిలుచుండిరి. నాయనగారి కాలమున వారు ఎప్పుడును వెనుకసీటులోనే కూర్చుండెడివారు. మేము ముందు తలుపు తీసితిమి. కొంచెముసేపు తలుపువంకయే చూచి, ఎక్కిరి.

ఇంజను వెనుక నుండి ఇప్పటికిని నూనె చుక్కలు పడుచున్నవి. "ఈ ఇంజనుకు పుట్టుకతోనే ఉన్నది" అని మేస్త్రీ చెప్పుటచే అమ్మగారు క్రింద నొక పాత ఇత్తడి పళ్ళెము పెట్టించిరి.

ఆ యేటి దసరాకు కుంకుమ అమ్మగారే పెట్టిరి. మేమేమియు అడుగలేదు. బండి ముందుకు పోనిచ్చితిమి. నాలుగు నిమ్మకాయలలో మూడు నలిగినవి. నాలుగవది ప్రక్కకు దొర్లిపోగా, మా అమ్మాయి దానిని మరల చక్రము క్రింద పెట్టి, వెనుకకు రమ్మని మాకు సైగ చేసెను.