రాయి ముందు కూర్చునే తీరు

మిరప కోతల కాలంలో తల్లాడ నుంచి సత్తుపల్లి వెళ్ళే దారిలో చేలవంక కాసేపు చూడాలి. చేయి తిరిగిన కూలీ ఎవరూ పొద్దస్తమానం ఒకే తీరున ఉండరు. పై కాయలకు నడుం వంచుతారు, కింది కాయలకు గొంతుక్కూర్చుంటారు, సాలు చివర లేచి ఒళ్ళు విరుచుకుంటారు. శిలాజాలు వెతకబోయేవాళ్ళు సుత్తి కొనేముందు నేర్చుకోవలసింది ఇదే.

ఆ దారి సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గరికి చేరుతుంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన బొగ్గు ఈ గోదావరి లోయదే. బొగ్గుపొరలను అంటిపెట్టుకున్న షేల్ పలకల్లో గ్లాసోప్టెరిస్ ఆకుల అచ్చులుంటాయి. నాలుకలాంటి ఆకు, వయసు 25 కోట్ల ఏళ్ళ పైమాటే. నిలబడి చూస్తే రాతిమీద మరకలా ఉంటుంది. ఏటవాలు ఎండలో కంటి దగ్గరికి తెచ్చుకుంటే నడిమి ఈనె, దానికి రెండు పక్కలా వల అల్లినట్టు సన్న ఈనెలు తేలతాయి.

అంటే ఇది గంటల తరబడి కింద కూర్చునే పని. మోకాళ్ళు మడవకుండా నడుం మాత్రమే వంచడం అన్నిటికంటే చెడ్డ తీరు. 1960ల్లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ వెన్నుపూసల మధ్య డిస్కులో ఒత్తిడిని నేరుగా కొలిచాడు. పడుకున్నప్పుడు అది తక్కువ. ముందుకు వంగితే బాగా ఎక్కువ. వంగి బరువెత్తితే మరీ ఎక్కువ.

గొంతుక్కూర్చోవడం మన ఊళ్ళవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. నడుముకు మేలే, కానీ దానికీ హద్దుంది. కదలకుండా కూర్చుంటే మోకాలి వెలుపలి పక్కనుంచి వెళ్ళే నరం నలిగి, పాదం పైకి లేవకుండా వాలిపోతుంది. స్ట్రాబెర్రీ తోటల కూలీల్లో వైద్యులు ఈ జబ్బును చూశారు. తిమ్మిరి మొదలవగానే లేచి నాలుగడుగులు వేయాలి. తర్వాత ఒక మోకాలు నేలకు ఆనించి, రెండోది నిలబెట్టి కూర్చోవచ్చు. కాసేపటికి కాలు మార్చాలి. పక్కకు ఒరిగి మోచేతి మీద పడుకోవడమూ మంచి ఉపాయమే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎముకల దగ్గర పని ఇంకా బరువు. గోదావరి ఎగువన, తెలుగు వినిపించే సిరొంచ ప్రాంతంలోని పోచంపల్లి దగ్గర కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు సుమారు 300 తవ్వి తీశారు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు! అలాంటిదాన్ని ఒక్కరే ఎత్తబోవడం సాహసం కాదు, తెలివితక్కువతనం. చిన్న రాయినైనా ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్ళు మడిచి లేవాలి. ఎత్తుతూ నడుం మెలితిప్పకూడదు.

గనిలోకైనా అడవిలోకైనా అనుమతి తీసుకునే వెళ్ళండి. సంచిలో ఉలి, బ్రష్షు, నీళ్ళసీసాతోపాటు ఒక పాత గోనెసంచి కూడా పెట్టుకోండి. నాలుగు మడతలు వేస్తే మోకాళ్ళ కింద మెత్తగా ఉంటుంది.