దెందులూరు నుంచి ఆట చూడబోతే

దెందులూరులో కాపురముంటూ కాలేజీ ఫుట్‌బాలు మీద మోజు పడినవాడికి రైలు ప్రయాణం తప్పదు. మన గోదావరి జిల్లాల్లో కబడ్డీకీ, వాలీబాలుకీ చేరే జనం ఫుట్‌బాలుకి చేరరు గనుక, మ్యాచి ఎక్కడ ఉంటే అక్కడికి మనమే పోవాలి. అదృష్టవశాత్తూ ఊరు చెన్నై–హౌరా రైలు దారి మీద ఉంది. ఎక్స్‌ప్రెస్సులు ఆగవు, పాసెంజరు ఆగుతుంది. ఒక వైపు ఏలూరు పదిహేను కిలోమీటర్లలోపే. రెండో వైపు భీమడోలు, ఉంగుటూరు దాటి కాసేపు కూర్చుంటే తాడేపల్లిగూడెం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బంతాటలతో పనేమిటని మిత్రులు అడుగుతూ ఉంటారు. ఆటల మాస్టారు ఒక్కరూ పదహారుమంది పిల్లల్ని కనిపెట్టుకోలేరు గనుక తోడు వెళ్ళడం నాకు అలవాటైంది. ఆ తిరుగుళ్ళలో నాకు తేలినదేమిటంటే, మ్యాచి చూడబోయే ఊళ్ళు రెండు రకాలు. కాలేజీని తనదిగా చూసుకునే ఊరు ఒకటి. కాలేజీ ఉన్న సంగతే పట్టని పట్నం రెండోది.

మొదటి రకానికి మన చుట్టుపక్కల ఊళ్ళే సాక్ష్యం. ఏలూరులో సర్ సి. ఆర్. రెడ్డి కాలేజీ 1945లో వెలిసింది. అదే సంవత్సరం భీమవరంలోనూ కాలేజీ వచ్చింది. 1949లో నరసాపురంలో వై. ఎన్. కాలేజీ. ఇలాంటి ఊళ్ళల్లో కాలేజీ మైదానానికి దారి అడగనక్కరలేదు. సంచీ, బూట్లు చూసి టీకొట్టాయనే చెబుతాడు, “ఆయ్, మ్యాచికేనాండీ? మావాళ్ళు ఈసారి గట్టిగా ఉన్నారండి” అని. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు పని ముగించుకున్నవాళ్ళు కూడా వచ్చి గట్టున కూర్చుంటారు. వాళ్ళ నోటికి మాత్రం అడ్డుండదు. మన పిల్లవాడు ఒక్కసారి జారిపడితే చాలు, వాడికో పేరు పెట్టేస్తారు. ఆ పేరు తిరుగు రైలు దాకా వెంట వస్తుంది. అయితే ఆట ముగియగానే అదే నోటితో, “మీ గోలీ భలే పట్టాడండి మాస్టారూ! ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?” అంటారు. తాలూకు తేలేసరికి ఎక్కడో ఒక చుట్టరికం కలవనే కలుస్తుంది. ఇక టీకి డబ్బు పుచ్చుకోరు.

పట్నం సంగతి వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. అప్పటినుంచి మన జిల్లా కాలేజీ కుర్రాళ్ళకి పెద్ద ఆటంటే విశాఖ ప్రయాణమే. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక మన కాలేజీల పెద్దదిక్కు రాజమహేంద్రవరమైంది. వేంగి చాళుక్యుల రాజధాని కూడా పెదవేగి ప్రాంతం నుంచి అక్కడికే తరలిందని చరిత్ర. దెందులూరువాళ్ళకి ఇది పాత అలవాటే అనుకోవాలి!

విశాఖలో దేనికీ కొదవలేదు. బసకు గదులు, భోజనానికి హోటళ్ళు, సాయంత్రానికి సముద్రం, పిల్లలకు చూపించడానికి ఒడ్డున కురుసుర జలాంతర్గామి. లేనిదల్లా పలకరింపు. ఆటోవాడికి మ్యాచి సంగతి తెలియదు. వాడి తప్పు కాదు. అంత పట్నంలో రోజూ ఎన్ని ఆటలని! ఎగతాళి చేసేవాడూ లేడు, మెచ్చుకునేవాడూ లేడు. గోలు కొట్టినా పదిమంది చప్పట్లు సముద్రపు గాలికే పోతాయి.

మగపిల్లలు దీన్ని సర్దుకుంటారు. చిక్కల్లా ఆడపిల్లల జట్టుకు. గూడెంలో మ్యాచి అంటే, “మా పిన్నిగారిల్లు అక్కడేనండి” అని పంపే తండ్రే, విశాఖ అనగానే “వద్దులెండి మాస్టారూ” అంటాడు. ఒక ఏడు మా జట్టులో బాగా ఆడే అమ్మాయి అలాగే ఆగిపోబోయింది. ఇంట్లో కొల్లేటి చాంతాడంత వాదన జరిగింది. చివరికి వాళ్ళ నాయనమ్మ, “దానితో నేనెడతాన్రా, సముద్రం చూసినట్టూ ఉంటుంది” అని సంచీ సర్దుకుంది.

ఆవిడ గట్టున కూర్చుని నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “చేత్తో పట్టుకోకూడదా నాయనా?”

“గోలీ ఒక్కతే పట్టుకోవచ్చమ్మా.”

“అంతమంది పరుగెడుతూంటే పట్టుకునే హక్కు ఒక్కదానికేనా!” అని ఆవిడ ఆశ్చర్యపోయింది. కానీ అమ్మాయి కాలికి బంతి అందినప్పుడల్లా ఆ మైదానమంతా వినబడేలా పిలిచింది. ఆట రెండు గోళ్ళతో పోయింది. అయితేనేం, మరుసటి ఏడు విశాఖ అనగానే మరి ముగ్గురు తండ్రులు, “ఎవరైనా పెద్దవాళ్ళు వెళుతున్నారా?” అని మాత్రమే అడిగి ఒప్పుకున్నారు.

పెద్ద ఆటగాళ్ళకైనా ఇంతే. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాలు ఫైనలుకి మన జట్టు దిగినప్పుడు, రాజకీయ కారణాల వల్ల స్టేడియమంతా మనకు ఎదురు తిరిగింది. జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదు రహీంగారు. గోలులో నిలిచిన తంగరాజ్ పుట్టింది హైదరాబాదులోనే. దక్షిణ కొరియాను 2–1తో గెలిచారు. ఆనాడు మనవైపు కేకలు వేసినవాళ్ళు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళేనని మన ఆటగాళ్ళు తరువాత చెప్పుకున్నారు. పరాయిచోట ఒక్క గొంతు విలువ అంత!

అమెరికా వెళ్ళిన మన పిల్లలు ఇదే తేడా చెబుతారు. అక్కడి ఫుట్‌బాలు చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. నాయనమ్మగారికి నచ్చి ఉండేది. ఆన్ ఆర్బర్ అనే చిన్న ఊళ్ళో మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో 1,07,000 మందికి పైగా పడతారు. మ్యాచి రోజున ఊరే మైదానానికి నడుస్తుంది. అట్లాంటాలో జార్జియా టెక్ స్టేడియం ఆకాశహర్మ్యాల నీడలో ఉంటుంది. నగర రైలు దిగి నడిచిపోవచ్చు; ఆట ముగిశాక నగరంలో కలిసిపోవచ్చు.

మన దగ్గర ఇప్పుడు మూడో రకం కూడా వస్తోంది. 2015లో తాడేపల్లిగూడేనికి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చింది. సగం సీట్లు ఇతర రాష్ట్రాల పిల్లలవి. చదువుకి ఇది మేలే. కానీ ఇలాంటి ఆవరణలు పెరిగినకొద్దీ ఊరి జనానికీ, కాలేజీ మైదానానికీ మధ్య గోడ పెరగకుండా చూసుకోవాలి. ఆట ఉన్న రోజైనా గేటు తెరిచి ఉంచితే, చిన్న ఊరికి ఉన్న ఆ మంచి గుణం నిలుస్తుంది.

అందుచేత ఇంటిల్లిపాదికీ నా సలహా ఒకటే. సరదా కోసమైతే చిన్న ఊరి మ్యాచికి వెళ్ళండి. అక్కడ మీరు వెళ్ళకపోయినా మీ పిల్లల్ని పలకరించేవాళ్ళుంటారు. పట్నంలో మ్యాచి అంటే మాత్రం పిల్లల కోసం వెళ్ళండి. మార్కులు తగ్గితే కాలేజీకి పరుగెత్తుకొచ్చే తండ్రులు, ఏడాదికి ఒక్కనాడు మైదానం గట్టుకి కూడా రావచ్చు. ఆట నియమాలు తెలియనక్కరలేదు. పిల్ల పేరు గట్టిగా పిలవగలిగితే చాలు.